పదో తరగతి సైన్సు పరీక్షకు మన మగ్గం ఇళ్ళు చెయ్యవలసింది
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



పిల్లలు సైన్సు పరీక్షకు ఎలా తయారు కావాలో చెప్పమని నన్ను అడిగారు. నేను చదివింది ఎనిమిదో తరగతి. పాఠం చెప్పడానికి టీచర్లు ఉన్నారు. సొసైటీలో నూలు ఇచ్చి చీర తీసుకునేవాణ్ణి కాబట్టి ఏ ఇంట్లో ఏ వేళకు ఏం జరుగుతుందో నాకు తెలుసు. అందుకని తల్లిదండ్రులతోనే ఎక్కువ మాట్లాడతాను.

ముందు లెక్క చూడండి. మన తమిళనాడులో పదో తరగతి సైన్సుకు 100 మార్కులు. రాసే పరీక్షకు 75, ప్రాక్టికల్‌కు 25. పాసు కావాలంటే మొత్తం 35 రావాలి, అందులో రాసే పరీక్షలో 20 అయినా ఉండాలి. ఒక మార్కు ప్రశ్నలు 12, రెండు మార్కులవి 7, నాలుగు మార్కులవి 7, ఏడు మార్కులవి 3 రాయాలి. ప్రాక్టికల్ ముందే అయిపోతుంది. ఆ రోజు బిడ్డను మగ్గం పనికో, పెళ్ళికో ఆపారంటే చేతికొచ్చే మార్కులు పోతాయి.

ఇక కష్టం ఎక్కడ? తై నెల పుట్టగానే పెళ్ళి చీరల ఆర్డర్లు మీద పడతాయి. పరీక్ష మార్చి, ఏప్రిల్‌లో. సరిగ్గా ఆ రెండు నెలలే మనం పిల్లల్ని కండెలు చుట్టమంటాం. ఆడపిల్లయితే వంట పని కూడా. రాత్రి పదికి పుస్తకం తీస్తే కళ్ళు మూతపడవా?

సైన్సు మనకు పరాయి చదువు కాదమ్మా. పచ్చి పట్టును సబ్బు, సోడా వేసి ఉడికిస్తాం, పట్టు మీది జిగురు పోతుంది. ఆ సోడా నీళ్ళలో ఎర్ర లిట్మస్ కాగితం ముంచితే నీలం అవుతుంది. ఉప్పునీళ్ళ బావిలో సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. అదే పుస్తకంలో కఠిన జలం. నాడె ఒకసారి తోస్తే ఆపేదాకా పోతూనే ఉంటుంది, అది న్యూటన్ మొదటి నియమం. నలభై దాటాక తెగిన పోగు కనపడక మనం పెట్టుకునే అద్దం కాన్వెక్స్ లెన్స్. ఇవి బిడ్డకు పని చూపిస్తూ చెప్పండి, మరిచిపోదు.

ఒక చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం. మన వంటింట్లో కారం అంటే మిరపకారం. తమిళ సైన్సు పుస్తకంలో కారం అంటే ఆమ్లానికి ఎదురైనది, సోడా లాంటిది. ఇట్లాంటి మాటలు పిల్లలు ఒక నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకోవాలి. పరీక్షలో మటుకు బడి మాటే రాయాలి.

పిల్లలూ, మీకు మూడు మాటలు. పాఠం చివరి ప్రశ్నలు ముందు చెయ్యండి. బొమ్మలు చూసి వదిలెయ్యకుండా గీసి, పేర్లు పెట్టండి. గళ్ళ కాగితం మీద బుటా గీసే ఇంటి చేతులు మీవి. పాత ప్రశ్నపత్రం ఒకటి మూడు గంటలు కూర్చుని గడియారం పెట్టుకుని రాయండి.

పొంగల్ అయిన మర్నాటి నుంచి పరీక్ష అయ్యేదాకా మా సొసైటీ గది సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది వరకు తెరిచి ఉంటుంది. మన ఇళ్ళలో కాలేజీ చదివే పిల్లలు వచ్చి పక్కన కూర్చోవాలి. ఇతర ఊళ్ళ సంఘాలు కూడా ఒక గది, ఒక లైటు ఇవ్వండి.

ఆ మూడు గంటలు కండెలు మనమే చుట్టుకుందాం. చీర రెండు రోజులు ఆలస్యమైతే నేను సొసైటీలో సర్ది చెప్తాను. ఎవరైనా తప్పినా తిట్టి మగ్గం గుంటలో కూర్చోబెట్టకండి, కొద్ది నెలల్లోనే మళ్ళీ రాసే పరీక్ష ఉంటుంది, ఫీజు కట్టించండి. చదివిన బిడ్డ రేపు మగ్గానికి వచ్చినా మంచిదే. అప్పుడు రంగు ఎందుకు దిగుతుందో కారణం తెలిసి నేస్తుంది.