కదలని గేరు కర్ర



నేటి ప్రసంగవిషయము వినుటకు స్వల్పముగా తోచును. నిలిపియుంచిన బండి యొక్క గేరు కర్ర బిగిసిపోయి, ఎంత లాగినను రాకుండుటను గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. ఇది డ్రైవరులకు చెప్పవలసినది గదా, మాకేల అని మీరడుగవచ్చును. లారి యొకటి ఊరి నడుమ నిలిచిపోయినపుడు దాని చుట్టు చేరువారు మన పిల్లలే. మేమొక పట్టు పట్టెదమని చేయి వేయువారును వారే. అట్టివేళ ‘ఆగండిరా’ అని చెప్పి, ఆ మాట చెల్లించుకొనగలవారు మీరు. అందుచేత మీకే చెప్పుచున్నాను.

కొంతకాలము క్రిందట దాచేపల్లి నుండి గురజాలకు వచ్చు త్రోవలో నేనొక దృశ్యమును చూచితిని. నాపరాళ్లు నింపిన లారి ఎగువకు ముఖము పెట్టి ఏటవాలున నిలిచియున్నది. దాని హ్యాండు బ్రేకు అంతంతమాత్రము. డ్రైవరు రాత్రి దానిని మొదటి గేరులో వేసి, ఇక కదలదని నమ్మి నిద్రించెను. తెల్లవారి చూడగా కర్ర రాలేదు. ఇద్దరు యువకులు లోపలికెక్కి కర్రకు ఇనుపగొట్టము తొడిగి లాగుచున్నారు. క్లీనరు క్రింద దూరి గేరుపెట్టెను సుత్తితో తట్టుచున్నాడు. చక్రముల వెనుక ఒక్క రాయియైన లేదు; బండినిండ రాళ్లే! కొంతసేపటికి క్లీనరు దప్పికయై వెలుపలికి వచ్చి మంచినీళ్లు త్రాగుచుండగా, కర్ర ఒక్కసారిగా ఊడివచ్చినది. లారి వెనుకకు జరిగి నాలుగు గజముల దూరమున కంకరకుప్పకు తగిలి నిలిచినది. ఆ క్లీనరు చేతిలోని చెంబు జారిపడుట నాకిప్పటికిని కన్నులకు గట్టినట్లున్నది.

ఆ కర్ర ఏల బిగిసెను? మీ వీధితలుపు గడియను తలచుకొనుడు. గడియ వేసిన తలుపును వెలుపలినుండి నలుగురు నెట్టుచుండగా లోపలివాడు గడియ తీయబోయిన రాదు. గడియ చెడలేదు, తలుపుమీది ఒత్తిడియంతయు దానిమీద పడియున్నది. వారు నెట్టుట మానిన, అదే గడియ ఒక్క వ్రేలితో వచ్చును. గేరును అంతే. ఏటవాలున లారి బరువు చక్రములనుండి ఇరుసు ద్వారమున గేరుపెట్టెలోని పండ్లమీదికి వచ్చి, వాటిని ఒకదానితో నొకటి అదిమిపట్టును. కర్రను బాదుటవలన ఆ బరువు తగ్గదు.

క్లచ్చి త్రొక్కినపుడు ఇంజనుకును గేరుపెట్టెకును సంబంధము తెగి, పండ్లమీది బరువు వదలును. కావున క్లచ్చి త్రొక్కినను కర్ర రాలేదనగా మొదట అనుమానింపవలసినది క్లచ్చినే. దాని నూనె కారిపోయి యుండవచ్చును, లేదా గొట్టములో గాలి చేరియుండవచ్చును. వానకాలమున చాలదినములు కదలక నిలిచిన లారిలో క్లచ్చి పళ్లెము త్రుప్పుపట్టి చక్రమునకు అంటుకొనుటయు కలదు. ఇట్టిస్థితిలో సెల్ఫు కొట్టరాదు. గేరు పడియున్నది, క్లచ్చి వదలుట లేదు. ఇంజను తిరిగిన లారియే ముందుకు దుముకును.

చేయవలసిన పని వేరు. ముందుగా చక్రములకు దిగువ వైపున పెద్దరాళ్లు వేయవలెను. ఎడ్లబండి ఎగువనెక్కుచు నిలిచినపుడు చక్రము వెనుక రాయి వేయుట మన తాతలు ఎరిగినదే, అదియే ఇచ్చటను. ఉన్నంతవరకు హ్యాండు బ్రేకు వేసి, బ్రేకు పెడలుమీద కాలుంచి డ్రైవరు లోపల కూర్చుండవలెను. తరువాత మరియొక లారికి గొలుసు కట్టి, ఎగువవైపునకు ఒక్క జానెడు లాగింపవలెను. పండ్లమీది బరువు వదలిన క్షణమున కర్ర దానంతట వచ్చును. లాగునపుడు గొలుసు దరిని గాని, బండి వెనుక గాని ఎవ్వరును నిలువరాదు. తెగిన గొలుసు కొరడావలె తిరిగి కొట్టును.

గేరు వచ్చియు చక్రములు కదలకున్న, అది వేరు సంగతి. ఇప్పటి పెద్ద లారీలలో నిలుపుడు బ్రేకును బిగించునది స్ప్రింగు. దానిని వదలించునది గాలి. ట్యాంకులో గాలి దిగిపోయిన స్ప్రింగు చక్రములను పట్టుకొనును. ఇంజను నడిపి, గాలిముల్లు పైకెక్కువరకు ఓపిక పట్టుటయే దీనికి మందు. గాలి ఎక్కకున్న మేస్త్రిని పిలువవలెను.

ఇక మన బిడ్డలు పలువురు అమెరికాలో నున్నారు. అచ్చట, ముఖ్యముగా టెక్సాసు వంటి రాష్ట్రములలో, ఇంటివాడుకకే చిన్న ట్రక్కులు కొందురు. వాటిలో చాలవాటికి క్లచ్చి పెడలు లేదు. గేర్లు తమంతట మారును. బండి నిలుపుటకు కర్రను ‘పీ’ అను అక్షరమునకు తెత్తురు. అపుడు లోపల ఒక చిన్న ఇనుపపల్లు పండ్లచక్రములో దిగి దానిని ఆపును. బండి బరువంతయు ఆ పల్లుమీద పడిన మరల మన గడియ కథయే. మిక్కిలి భారమైన లారీలలో పెక్కింటికి ఈ ‘పీ’ లేనే లేదు. అంత బరువును ఆ పల్లు మోయజాలదు.

ఆ ట్రక్కులలో మరియొక కట్టడి కలదు. బ్రేకు త్రొక్కనిదే కర్ర ‘పీ’ నుండి రాదు. పసివాండ్రు కర్ర లాగి బండిని దొర్లించుకొనకుండుటకు ఇది మేలు. 2010 సెప్టెంబరు 1 నుండి తయారైన అట్టి చిన్నబండ్లకు ఈ ఏర్పాటు అచ్చటి చట్టముచే తప్పనిసరి. బ్రేకు పెడలు దగ్గర నుండు స్విచ్చి వెనుక ఎఱ్ఱదీపమును వెలిగించును. చాలబండ్లలో కర్రను వదలుమని తాళమునకు సంజ్ఞ పంపునదియు ఆ స్విచ్చియే. కావున చదునునేల మీద కర్ర రాకున్న ఒకరిని వెనుక నిలిపి, బ్రేకు త్రొక్కి దీపము వెలుగుచున్నదా అని అడుగవలెను. వెలుగకున్న ఫ్యూజు పోయినదో, స్విచ్చి చెడినదో, బ్యాటరీ చచ్చినదో చూడవలెను. కర్ర ప్రక్కనే చిన్నమూత క్రింద ఒక రంధ్రము కొన్ని బండ్లలో నుండును. హ్యాండు బ్రేకు వేసి, పెడలు త్రొక్కి, అందులో సన్నని పనిముట్టు నొక్కిన కర్ర వచ్చును. దాని చోటు ఒక్కొక్క బండికి ఒక్కొక్క తీరు. బండితో వచ్చిన పుస్తకములో వ్రాసియుందురు. ఐతే దీపము వెలుగని బండిని రోడ్డెక్కింపరాదు. మీరు ఆగుచున్నారని వెనుకవానికి తెలియదు.

ఏటవాలున పల్లు బిగిసిన దానికి ఈ రంధ్రము పనికిరాదు. రాళ్లు, హ్యాండు బ్రేకు, ఎగువకు జానెడు లాగుట, ఇదియే గతి. అసలు బిగియకుండ నిలుపు పద్ధతి కలదు. బ్రేకు త్రొక్కి బండి నాపి, కర్రను ‘ఎన్’ నందుంచి, హ్యాండు బ్రేకు వేసి, పెడలును మెల్లగా వదలి, బండి బరువు హ్యాండు బ్రేకుమీద కుదిరిన తరువాతనే, మరల పెడలు త్రొక్కి ‘పీ’ వేయవలెను. మనవాండ్రు తొందరలో ముందు ‘పీ’ వేసి హ్యాండు బ్రేకు సంగతి మరతురు. నేనును మరచినవాడనే.

కనుక అబ్బాయి అచ్చటినుండి ఫోను చేసి, ‘నాయనా, బండి కదలకున్నది’ అనినపుడు మీరు మొదట అడుగవలసినది, అది చదునున నున్నదా, వాలున నున్నదా అని. చదునున ననిన వెనుక దీపము చూడుమనుడు. వాలున ననిన, కర్ర ముట్టకముందు రాళ్లు వెదకుకొనుమనుడు.