కొట్టములోని మోటారుబండి
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము)



గ్రంథాలయపు పండుగనాడు మోటారుబండి ముచ్చట యేమిటని కొందరికి తోచవచ్చును. ఆ రెంటికిని గల సంబంధము ముందు తెలియగలదు.

అమెరికా దేశమున అయోవా, కాన్సస్, నెబ్రాస్కా వంటి వ్యవసాయ రాష్ట్రములలో, పాత పశువుల కొట్టములయందును చెట్లతోపుల చాటునను, ఫోర్డ్ కంపెనీవారి 'టీ టీ' లారీ నేటికిని అప్పుడప్పుడు బయటపడుచుండును. 1917లో దాని అమ్మకము మొదలయ్యెను, 1927తో నిలిచిపోయెను. లోకప్రసిద్ధమైన 'మోడల్ టీ' కారునకున్న యంత్రమే దీనికిని కలదు: నాలుగు సిలిండర్లు, 20 అశ్వశక్తి. ఈనాటి మోటారు సైకిళ్ళలో దీనిని మించినవి యెన్నియో కలవు. అయినను ఇది ఒక టన్ను బరువు మోయునట్లు చేయబడినది. కారునకు ముందు వెనుక ఇరుసుల నడుమ 100 అంగుళములుండగా దీనికి 124 అంగుళములు.

తొలి యేండ్లలో కంపెనీవారు చట్రమును, యంత్రమును మాత్రమే అమ్మెడివారు. వెనుక తొట్టిని రైతే తన వడ్రంగిచేత చేయించుకొనెడివాడు. గోధుమలు మోయువానిది ఒక తీరు, పందులను సంతకు తోలువానిది మరియొక తీరు. వెనుక చక్రము నొకదానిని పైకెత్తి, దానికి పట్టా తగిలించి, కట్టెలు కోయు రంపమును త్రిప్పుకొన్నవారును కలరు. 1942లో యుద్ధావసరములకై ఆ దేశమంతట పాత ఇనుము ప్రోగుచేసినప్పుడు ఇట్టి బండ్లు అనేకములు కొలుముల పాలైనవి. నేడు దొరకునవి ఆ యేరివేతకు చిక్కనివి.

అట్టి బండి కంటబడినవాడు ఉత్సాహము పట్టలేక ట్రాక్టరునకు గొలుసు వేసి లాగించును. చేయరాని పని అదియే. దశాబ్దములుగా కదలని పిస్టనులు సిలిండర్ల గోడలకు తుప్పుతో అతుకుకొనియుండును. వాల్వులు బిగిసియుండును. యంత్రములోని ముఖ్యమైన బేరింగులకు 'బాబిట్' అను మెత్తని మిశ్రలోహపు పూత యుండును. బలవంతముగా త్రిప్పినచో అది చిట్లును. దానిని మరల పోతపోసి చెక్కగల పనివారు మిక్కిలి అరుదు. నూరేండ్లు నిలిచిన బండిని నూరు గజముల దూరములో చంపిన ఉత్సాహవంతులు కలరు.

అనుభవజ్ఞులు బండిని తాకకముందే ఒక ప్రశ్న వేయుదురు: దీనిని ఏల నిలిపిరి? కొత్తబండి వచ్చినందున నిలిపిరా, యజమాని గతించినందున నిలిపిరా, లేక లోపల ఏదో విరిగి నిలిపిరా? మొదటి రెండైనచో ఓర్పు చాలును. మూడవదైనచో, విరిగినది ఈనాటికిని విరిగియే యున్నది. ఇంటివారికి జ్ఞాపకముండదు. యంత్రమునే అడుగవలెను. ఆ దేశపు చలికి, నీరు తీయక వదలిన యంత్రములో నీరు గడ్డకట్టి, ఉబ్బి, ఇనుప దిమ్మను పగులగొట్టును. ఆ చీలిక పైకి వెండ్రుకవాసిగా కనబడును. పిమ్మట అడుగునున్న నూనెను తెల్లని గుడ్డపై పోసి చూచెదరు. అందు వెండిపొడివలె మెరుపు కనబడినచో బేరింగు అరిగినదని యర్థము. యంత్రము క్రింద విప్పదగిన మూత యొకటి కలదు. దానిగుండా లోనికి చేయిపెట్టి ఒక్కొక్క బేరింగును కదిపి చూడవచ్చును. ఎలుకలు గూడు కట్టిన గొట్టములు, తుప్పుపట్టిన పెట్రోలు తొట్టి సరేసరి. అవి కడిగిన పోవును.

అంతట ప్లగ్గులు తీసి సిలిండర్లలో పలుచని నూనె పోసి విడిచెదరు. ఒక దినము కాదు, వారములు. ప్రతి సాయంకాలమును కొంచెము అటు, కొంచెము ఇటు చేతితో కదిపి చూచెదరు. ఒకనాడు వెంట్రుకవాసి కదలును. పని ఆనాడు సగమైనట్లే.

ఈ యంత్రమున నూనెను తోడు పంపు లేదు. వెనుక తిరుగు ఫ్లైవీలు నూనెను చిమ్మగా, ఒక సన్నని గొట్టము దానిని పట్టి ముందుభాగమునకు చేర్చును. ఆ గొట్టము మట్టితో పూడినచో వెనుక భాగము నూనెలో తేలుచుండగనే ముందు బేరింగు ఎండి మాడును. నూనె యెంత యున్నదో చెప్పు ముల్లును లేదు. బండి క్రిందకు దూరి, ఒకదానిపై నొకటిగా నున్న రెండు చిన్న కుళాయిలు త్రిప్పి చూడవలెను. ఆ ఫ్లైవీలుకే 16 అయస్కాంతములు బిగింపబడియుండి, నిప్పురవ్వకు కావలసిన విద్యుత్తును పుట్టించును. ఏండ్లు గడచిన కొలది వాని బలము తగ్గును. దిక్సూచితో స్థానము చూచుకొని, బ్యాటరీల ప్రవాహమును క్షణకాలము పంపి, యంత్రమును విప్పకుండనే వానికి మరల బలము పోయు పద్ధతి కలదు.

ఇక చోదకుని పాదములయొద్ద మూడు తొక్కుడుపలకలు కలవు. ఎడమది పూర్తిగా తొక్కిన మెల్లనడక, సగము తొక్కిన నిలుకడ, విడిచిన వేగము. నడుమది వెనుకకు నడుపును. కుడిది బ్రేకు. వేగము పెంచునది పాదమునకు కాక చేతికి అందునట్లుండును. ఈనాటి లారీ నడుపువాడు ఎంత నేర్పరియైనను దీనిపై కూర్చున్నచో గోడకు కొట్టును. 1927లో పదునెనిమిదేండ్ల యువకుడు నేడు జీవించి లేడు. అడిగి తెలిసికొందమన్న చెప్పువారు లేరు. ఆ విద్య నిలిచినది పుస్తకములలోనే. బండితోపాటు యజమానికి కంపెనీవారిచ్చిన చిన్న పుస్తకము ప్రశ్నోత్తరరూపమున నుండెడిది. మరమ్మతు చేయువారికై 1925లో 'ఫోర్డ్ సర్వీస్' అను గ్రంథము వెలువడెను. రైతు ఇంట బీరువా అరలో, కొట్టుబిల్లుల నడుమ, ఎవరో పారవేయక యుంచిన ఆ పుస్తకములే నేటికిని పునర్ముద్రణమగుచు ఈ బండ్లను నడిపించుచున్నవి.

అయితే పాత పుస్తకమునందు లేనివియు కొన్ని కలవు. వెనుక ఇరుసులోని పెద్ద పళ్ళచక్రము కంచుతో చేయబడినది. ఈనాటి గేరునూనెలు కొన్నింటిలో కలుపు గంధకపు ద్రవ్యములు కంచును తినివేయును. మంచి నూనె పోసితిననుకొన్నవాడు విషము పోసినవాడగును. మరియొకటి ప్రాణములకు సంబంధించినది. కాలిబ్రేకు పట్టునది చక్రములను కాదు, గేరుపెట్టెను. కొండదారులకై రైతులు కొందరు వెనుక రెండవ గేరుపెట్టె నొకటి బిగించుకొనిరి. అది నడుమ జారి నిలుకడలో పడినచో కాలిబ్రేకునకును చక్రములకును సంబంధము తెగును. రంగుకు వందలు వెచ్చించి, ఈ రెంటిని చూడనివాడు బండిని కాదు, అపాయమును అలంకరించినవాడు.

చక్రములు కొయ్యవి. ఎడ్లబండి నెరిగినవారికి వాని కథ చెప్పనక్కరలేదు: ఆకులు ఎండి వదులైన చక్రమును నీటిలో నానవేసిన నాలుగు దినములు బిగువుగా నుండి మరల కిర్రుమనును. బరువు వేయదలచినచో ఆకులు మార్చవలసినదే. తొట్టిపలకల విషయమున మాత్రము తొందర కూడదు. ధాన్యపు బస్తాలు రాసి రాసి నునుపెక్కిన ఆ పలకలను పీకి కొత్తవి వేసినచో, ఆ రైతు చేసిన పని జాడ యేమియు మిగులదు.

మొదటిసారి బయలుదేరదీయునాడు నిప్పురవ్వ మీటను పూర్తిగా పైకి నెట్టవలెను. లేనిచో త్రిప్పుకోల వెనుకకు తన్ని మణికట్టు విరుగగొట్టును. బొటనవ్రేలిని కోలకు చుట్టక, మిగిలిన వ్రేళ్ళప్రక్కనే యుంచి, ఎడమచేత పైకి లాగవలెను. నూనె చిక్కబడియున్నచో యంత్రము అందుకొనిన మరుక్షణమే బండి తానే ముందుకు కదలి, త్రిప్పినవాని మీదికి వచ్చును. అందుచే వెనుక చక్రము నొకదానిని పైకెత్తి, మిగిలినవానికి రాళ్ళు అడ్డుపెట్టుదురు. యంత్రము కొలది నిమిషములు నడిచిన పిదప ఆపుదురు. మరల నూనె దించి తెల్లగుడ్డపై పోయుదురు. అందు మెరుపు లేకున్నచో క్రొత్తనూనె పోసి, మరునాటి యుదయమున తొట్టిలో గడ్డిమోపులు వేయుదురు.