గోలకొండ పత్రిక పిలిచిన కవులు
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

సాహిత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని మహాసభవారు నన్నాజ్ఞాపించిరి. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో వ్యాకరణమును, కావ్యములను చెప్పినవాడను. గంట మ్రోగినపిమ్మట మాటలాడు నలవాటు నాకు లేదు. కావున మీరు భయపడ నక్కరలేదు.

నేడు నేను కాళిదాస భవభూతులను గూర్చి చెప్పబోను. మన నల్లగొండ, పాలమూరు సీమలలో పుట్టి, పద్యములు వ్రాసి, ఊరి పొలిమేర దాటకయే మరుగుపడిన కవులను గూర్చి చెప్పెదను. అట్టివారిని మరుగుపడనీయక పిలిచి కూర్చుండబెట్టిన యొక పత్రికను గూర్చి చెప్పెదను. కడపట మన సంఘమునకు ఒక విన్నపము చేసికొందును.

నిజాం ప్రభువుల కాలమున ఈ దేశమందు తెలుగు మాటలాడువా రధికసంఖ్యాకులైనను, తెనుగునకు కచేరీలో పీట లేదు. న్యాయస్థానముల వ్యవహారము ఉర్దూ. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. 1921లో హైదరాబాదునందలి వివేకవర్ధిని ప్రాంగణమున జరిగిన సంస్కారసభలో ఆలంపల్లి వేంకటరామారావుగారు తెలుగున ప్రసంగింపబోగా, సభలోని కొందరు గేలిచేసి కూర్చుండబెట్టిరి. ఆ యవమానమునుండియే ఆంధ్రజనసంఘము పుట్టినది. తన యింట తన భాషలో మాటలాడి నవ్వులపాలైన వాని బాధ యెట్టిదో మీరే యూహింపుడు.

అంతకు పూర్వము తెనుగు కవికి ఆశ్రయము లేకపోలేదు. పాలమూరు సీమలో గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము మున్నగు సంస్థానము లుండెను. గద్వాలకు విద్వద్గద్వాల యను పేరే కలిగెను. తిరుపతి వేంకటకవులవంటి మహాకవులు ఈ సంస్థానములను దర్శించి, అవధానములు చేసి, సత్కారములందిరి. ఆ ప్రభువుల ఋణము మన సాహిత్యమునకు తీరునది కాదు. కాని యొక్క సంగతి గమనింపవలయును. సంస్థానమున కవియే ప్రభువు ద్వారముకడకు పోవలయును. శాలువ యున్నవాడు, సిఫారసు గలవాడు, సభలో గొంతెత్తగలవాడు లోపలికి పోయెను. దుక్కి దున్నుచు పద్యమల్లుకొన్నవాడును, దేవళపు మెట్లమీద కీర్తన కట్టినవాడును, వంటయింటి గోడచాటున పాటలల్లిన యిల్లాలును ఆ ద్వారము వఱకు పోలేదు. వారి కొఱకు ద్వారమే వారి యూరికి నడచిరావలసి యుండెను.

ఆ నడచివచ్చిన ద్వారమే పత్రిక. 1922లో నల్లగొండనుండి షబ్నవీసు వేంకటరామ నరసింహారావుగారు నీలగిరి పత్రికను, ఆ యేటనే ఓరుగల్లు సీమలోని యినుగుర్తినుండి ఒద్దిరాజు సోదరులు తెనుగు పత్రికను వెలువరించిరి. యినుగుర్తి పల్లెటూరు, నల్లగొండయు నాడు పెద్ద పట్టణము కాదు. ఇవి రెండును చిరకాలము నిలువలేదు. నిలువకపోయినను, జిల్లానుండియు పల్లెనుండియు తెలుగు పత్రిక నడపవచ్చునని లోకమునకు చూపినవి.

పిదప 1926వ సంవత్సరము మే 10వ తేదీన హైదరాబాదున గోలకొండ పత్రిక వెలసెను. దాని సంపాదకులు సురవరము ప్రతాపరెడ్డిగారు. వారిది అలంపురము ప్రాంతమునందలి యిటిక్యాలపాడు, 1896లో జన్మించిరి. సంస్కృతమును, ఆంగ్లమును, ఉర్దూను ఎఱిగినవారు. స్వయముగా కవి, కథకుడు, పరిశోధకుడు. 1918లో నగరమున వెలసిన రెడ్డి వసతిగృహమునకు కార్యదర్శులుగా పనిచేసి, అచటి గ్రంథాలయమును పోషించినవారు. పత్రిక వారమునకు రెండుమార్లు వచ్చుచుండెను. వ్రాయువారు చాలనప్పుడు వేఱువేఱు మారుపేళ్లతో వారే వ్రాసి పుటలు నింపిరి. ఒక్క కవి తన చేతితో పెట్టిన దీపమది. అయినను ఆ వెలుతురులో తన ముఖమునే చూచుకొనక, చీకటిలో నున్నవారి ముఖములను చూడదలచెను. నా దృష్టిలో ఆయన గొప్పతన మిదియే.

ఆ దినములలో ఒక పండితుడు నిజాం రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని వ్రాసెను. పూజ్య మనగా సున్న; పూజింపదగినది యనియు నర్థము కలదు. వ్రాసినవాడు సున్న యను నర్థముననే వ్రాసెను. అట్టి మాటకు ప్రత్యుత్తరము వ్రాయుట యెవనికైనను సులభము. నావంటి బడిపంతులైనచో శబ్దార్థములు చర్చించి, నాలుగు శ్లోకములు చూపి, రోషము తీర్చుకొని యుండును. ప్రతాపరెడ్డిగారట్లు చేయలేదు. కవులున్నారని వాదింపలేదు, కవులను పిలిచిరి. పత్రికాముఖమున విజ్ఞప్తి చేసి, జిల్లాల నుండి పద్యములను, కవుల వివరములను రప్పించిరి. 1934లో గోలకొండ కవుల సంచిక వెలువడెను. అందు 354 మంది కవులు! సున్న యన్నచోట మూడువందల యేబదినలుగురు నిలిచిరి. ఇంతకంటె ధీరమైన సమాధానమును నేను సాహిత్యచరిత్రలో నెఱుగను.

ఆ సంచికకు కులభేదము లేదు. పండితుల ప్రక్కనే పల్లె కవులు, పురుషుల ప్రక్కనే స్త్రీలు కూర్చుండిరి. ఈ మాటను నేను కులమహాసభయందు నిలిచి బుద్ధిపూర్వకముగనే చెప్పుచున్నాను. ఒక కులమువారి పూనికతో వెలసిన వసతిగృహమున పనిచేసిన మహనీయుడు, అన్ని కులముల కవులకు పంక్తి వేసెను. సంఘము తనవారిని పోషించుట ధర్మమే. అయితే సరస్వతి యింటి ముంగిట నిలిచి గోత్రమడుగుట ధర్మము కాదు.

పత్రిక చుట్టును చేరినవారు చదువరులుగా మాత్రమే మిగులలేదు. మన నల్లగొండ సీమలో, నకిరేకల్లు ప్రాంతమున 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామిగారి నెఱుగనివారు మీలో నుండరు. బాల్యమున పేదఱికముచేత ఇండ్లలో వంటపని చేసి పొట్టపోసికొన్నవాడు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దినవాడు. ఆయనయే 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములు మోసికొని పోయి జనులకందించెను. తరువాత ప్రజల మనిషి యను నవలను రచించెను. వంటచేయు చేతికి ప్రూఫు కాగితమిచ్చినచో నేమగునో దీనివలన తెలియును. 1943లో వెలసిన ఆంధ్రసారస్వత పరిషత్తు మొదలగు సంస్థలు సైతము ఇట్టి వాతావరణముననే పెరిగినవి.

ఇచట నొక యాక్షేపము వచ్చును. ఆ మూడువందల యేబదినలుగురును మహాకవులా యని. కారు. యౌవనమున నేనును ఈ యాక్షేపమునే చేసినవాడను. దాని ఫలమును మీకు చెప్పుకొనక తప్పదు. ఇది నా తప్పు గనుక.

మా మాతామహులది దేవరకొండ ప్రాంతము. పట్వారీకడ లెక్కలు వ్రాయుచు, ఆ పాత లెక్కపుస్తకముల వెనుక పుటలలో పద్యములు వ్రాసికొనుచుండిరి. వారు గతించినపిమ్మట మా అమ్మ ఆ కట్టను నాచేతికిచ్చి, నాయనా, నీవు చదువుకొన్నవాడవు, మీ తాత వ్రాసినది చూడుమనెను. నేనప్పుడు కావ్యప్రకాశము క్రొత్తగా చదివి మదించి యుంటిని. మమ్మటుడు కావ్యలక్షణము చెప్పుచు ముందుగా దోషరాహిత్యమునే పేర్కొనెను గదా! నేను ఎఱ్ఱసిరా కలము చేతబట్టి మా తాతగారి పద్యములలో యతిభంగములు లెక్కించితిని. రెండు దినములు లెక్కించి, ఇవి అచ్చునకు తగవని మా అమ్మతో చెప్పి, కట్టను అటకపై పెట్టితిని. ఆమె మాఱుమాట పలుకలేదు. పదునొకండేండ్లకు ఇంటికప్పు విప్పినప్పుడు కట్టను దింపగా, దారము మాత్రము గట్టిగా నుండెను, లోపలిదంతయు చెదమన్ను. నాలుగాకులు మిగిలినవి.

ఆ నాలుగాకులలో నొకదానిపై, ఒక కరవునాడు జొన్నలు రూపాయి కెన్ని శేర్లమ్మినవో, చెఱువుకట్ట తెగినప్పుడు ఎవరెవరు మన్ను మోసిరో, పేళ్లతో సహా పద్యములలో చెప్పబడినది. అందు రెండుచోట్ల యతి తప్పినది. నా యెఱ్ఱగీతలు ఇంకను కనబడుచున్నవి. ఆ పేళ్లుగలవారి మనుమలు మా తాతగారి యూర నేటికిని ఉన్నారు. నేనాయాకును చదివి వినిపింపగా, ఒక వృద్ధుడు తన తండ్రి పేరు విని, మరల చదువుమని మూడుమార్లడిగెను.

విశ్వనాథుడు సాహిత్యదర్పణమున మమ్మటుని మతమును ఖండించుచు, పురుగు తొలిచినంతమాత్రమున రత్నము రత్నము కాకపోదను న్యాయమును చూపెను. నేను ఏటేట విద్యార్థులకు దీనిని బోధించితిని. నాకు మాత్రము చెదపురుగు బోధింపవలసివచ్చినది.

ప్రతాపరెడ్డిగారికి ఈ సూక్ష్మము ముందే తెలియును. 1949లో వెలువడిన వారి ఆంధ్రుల సాంఘిక చరిత్రను చూడుడు. రాజుల యుద్ధములకంటె జనుల తిండి, బట్ట, ఆట, పాట, వర్తకము, నమ్మకములే అందు ప్రధానము. వీనిని వారు చాలవఱకు పూర్వకవుల గ్రంథముల నుండియే ఏఱి కూర్చిరి. వారు 1953లో స్వర్గస్థులైన తరువాత, 1955లో ఆ గ్రంథమునకు కేంద్రసాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను; తెలుగున ఆ బహుమానమందిన మొదటి గ్రంథమదియే. కావ్యముగా నిలువని పద్యమును చరిత్రగా నిలుచునని ఆ గ్రంథము సాక్ష్యమిచ్చుచున్నది. ముందు ఏఱుట, పిదప తూచుట. ఇది వారి క్రమము. నేను ముందు తూచితిని, ఏఱుటకేమియు మిగులలేదు.

మహాజనులారా! ఇప్పుడు నా విన్నపము. గతవత్సరముల మన సంచికలను నేను విప్పి చూచితిని. దాతల చిత్రములు, ఆయవ్యయ పట్టికలు, వర్తకుల ప్రకటనలు, శుభాకాంక్షలు కలవు. అన్నియు నవసరమైనవే, అవి లేనిదే సంచిక అచ్చుపడదు. కాని మన యూళ్లలో పద్యము వ్రాసినవారెవరు, పాట కట్టినవారెవరు, యక్షగానము కూర్చినవారెవరు అని వెదకినచో ఒక్క పుటయు కనబడలేదు. రాబోవు సంచికలో పదునాఱు పుటలు వారికి విడువుడని పోషకులను వేడుచున్నాను.

పని కష్టమైనది కాదు. గ్రామమున కొక్కరు చాలును. కవి పేరు, ఊరు, వృత్తి, జీవించిన కాలము, వ్రాసినవి యెవ్వి, ఆ ప్రతి నే డెవరియింట నున్నది, ఈ యాఱు సంగతులు వ్రాసికొనవలయును. ప్రతిని అడిగి తెచ్చుకొనవలదు. తెచ్చుకొన్నవి మరల చేరవు. ఇప్పుడు ప్రతివాని చేతను ఫోనున్నది గదా! ఆ యింటి యరుగుమీదనే కూర్చుండి, ఆకు వెంట ఆకు ఛాయాచిత్రము తీసికొని, ప్రతిని ఇంటివారికే భద్రముగా నొప్పగింపవలయును. అక్షరములు రాని పెద్దమ్మలు పాడు పాటలను అదే ఫోనులో నిలుపుకొనవచ్చును. కులమడుగవలదు. దోషములను లెక్కింపవలదు, ఆ పనికి తరువాత మావంటివారు కావలసినంతమంది యున్నారు.

2016లో జిల్లాలు విభజింపబడి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగరుకర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల వేఱువేఱు జిల్లాలైనవి. చెదలకు ఈ సరిహద్దులు లేవు, మనకును వలదు. దేవరకొండ ప్రాంతపు గ్రామముల పనిని నేను శిరసావహించుచున్నాను. నా మోకాళ్లు సహకరించునంతకాలము తిరిగెదను. ఒక నెల పింఛనును ఈ పుటల వ్యయమునకు నేడే కోశాధికారిగారికి సమర్పించుచున్నాను. మిగిలిన తాలూకాల పేళ్లు చదివినప్పుడు, యువకులలో నెవరైనను లేచి నిలిచినచో ఈ యుపన్యాసము సఫలమైనట్లు. చప్పట్లు కొట్టి కూర్చున్నచో నిష్ఫలమైనట్లు.

పూజ్యమను మాటకు రెండర్థములున్నవని మనవి చేసితిని. మన తాతల పద్యముల విషయమున ఏ యర్థము నిలువవలయునో నిర్ణయింపవలసినది ఏ పండితుడును కాదు. వారి కట్టలు ఏ యింటి యటకపై నున్నవో ఆ యింటివారు. సభ ముగిసి యిండ్లకు పోయినప్పుడు, ముందుగా ఒక నిచ్చెన వేసికొని చూడుడు.