సానియా మీర్జా: బంతియాటయు దేశభక్తి పరీక్షయు
(గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఒక టెన్నిసు క్రీడాకారిణి చరిత్రను గూర్చి మేము ప్రసంగింపనున్నామని విని, రాజకీయములు వ్రాసికొనువారికి బంతియాటతో నేమి పని యని కొందరు మిత్రులు నవ్విరి. పని కలదు. సానియా మీర్జా ఇరువది యేండ్లు వృత్తిగా ఈ ఆట నాడినది. ఆ కాలమంతయు మన దేశము ఆమె యాటను ఎంత చూచినదో, ఆమె దుస్తులను, మతమును, వివాహమును గూడ అంతగా చూచినది. జాతీయతను గూర్చి మాటలాడు మనము ఈ సంగతిని విచారింపకుండుట తగదు.

ఆమె 1986వ సంవత్సరము నవంబరు 15వ తేదీన బొంబాయిలో జన్మించి హైదరాబాదున పెరిగినది. ఆరవయేట రాకెటు పట్టినది. 2003లో వింబుల్డను బాలికల జంట పోటీలో గెలిచినది. 2005 ఫిబ్రవరిలో హైదరాబాదుననే ఉక్రెయినుకు చెందిన అల్యోనా బొండరెంకోను ఓడించి, స్త్రీల వృత్తి టెన్నిసు సంఘమువారి సింగిల్సు బిరుదము నందిన మొదటి భారతస్త్రీ యైనది. పిమ్మట కొలది దినములకే దుబాయిలో, నాటి అమెరికా పోటీ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవా ఆమె చేత ఓడెను. కుడిచేతి దెబ్బ పిడుగువంటిది. సర్వీసు మాత్రము బలహీనము. ఈ లోపముతోడనే ఆమె 2007 ఆగస్టులో సింగిల్సున లోకమున 27వ స్థానము చేరినది.

ఆటలో పొట్టిదుస్తులు ధరించుట మతవిరుద్ధమని 2005లో కొందరు మతాచార్యులు ఆక్షేపించిరి. 2008లో మరియొక పక్షము లేచెను. పెర్తు నగరమున ఆమె కాళ్లు జాతీయ పతాకము వైపు చాచినట్లున్న ఒక ఛాయాచిత్రమును పట్టుకొని న్యాయస్థానమున అభియోగము వేసిరి. వివాదములకు విసిగి ఆ యేడు బెంగుళూరు పోటీకి రానని ఆమె ప్రకటించినది. ఒకరికి ఆమె చాలినంత ముస్లిము కాదు, వేరొకరికి చాలినంత భారతీయురాలు కాదు! ఆ సంవత్సరమే మణికట్టుకు శస్త్రచికిత్స జరిగినది. ఆమె యాటకు ప్రాణమైన దెబ్బ ఆ మణికట్టునుండియే వచ్చునది. తుదకు 2013లో సింగిల్సును విడిచి, జంట ఆటకే పూనుకొన్నది.

ఈ మధ్య 2012 లండను ఒలింపిక్సు వచ్చినవి. పురుషుల జంటలో లియాండరు పేసుతో ఆడుటకు మహేశ్ భూపతియు రోహన్ బోపన్నయు సమ్మతింపలేదు. అంతట పేసును సమాధానపరచుటకై మిశ్రమ జంటలో సానియాను ఆయనకు జోడుగా నిర్ణయించిరి. అప్పటికి కొలది వారముల క్రిందటనే ఆమె భూపతితో గూడి ఫ్రెంచి మిశ్రమ బిరుదము గెలిచియుండెను. దేశము కొరకు ఎవరితోనైన ఆడుదును గాని, పురుషుల తగవు తీర్చుటకు నన్ను ఎరగా వాడుట అవమానమని ఆమె బహిరంగముగ చెప్పినది. క్రీడాసంఘముల యెదుట ఇంత స్పష్టముగ మాటలాడిన పురుషులు మనకెందరున్నారో చదువరులే లెక్కించుకొందురు గాక.

ఇక 2014 జూలై. క్రొత్తగా ఏర్పడిన తెలంగాణ రాష్ట్రమునకు ఆమెను ప్రచార ప్రతినిధిగా నియమింపగా, ఈమె పాకిస్తాను కోడలు గదా యని ఒక శాసనసభ్యుడు ఆక్షేపించెను. ఆమె 2010లో పాకిస్తాను క్రికెట్ క్రీడాకారుని వివాహమాడిన మాట నిజమే. తాను భారతీయురాలినని, తుదివరకు భారతీయురాలిగానే యుందునని ఆమె బదులు చెప్పవలసివచ్చినది. తన దేశమును తన ఊరివారికే రుజువు చేసికొనవలసిన దుర్గతి! మరి రెండు మాసములకు ఏమి జరిగినది? సెప్టెంబరులో బ్రెజిలు దేశీయుడగు బ్రూనో సొవారెసుతో గూడి అమెరికా మిశ్రమ బిరుదము గెలిచినది. ర్యాంకు కొరకు ఆసియా క్రీడలను మానుకొనవలెనని తొలుత తలచియు, మనసు మార్చుకొని ఇంచియానుకు పోయి, మన తెలుగువాడగు సాకేత్ మైనేనితో మిశ్రమ జంటలో బంగారు పతకమును తెచ్చినది. ఆక్షేపించినవారి నోట అటుపిమ్మట పొగడ్త వెలువడినట్లు మేము వినలేదు.

2015 మార్చిలో స్విట్జర్లండు క్రీడాకారిణి మార్టినా హింగిసుతో జత కట్టినది. ఏప్రిలు 13న జంట ఆటలో లోకమున ప్రథమస్థానము నందినది. మొత్తము మీద 91 వారములు ఆ స్థానమున నున్నది. జూలైలో వింబుల్డను తుదిపోటీలో రష్యను జోడియగు మకరోవా, వెస్నినాలు మొదటి సెట్టు 7-5తో గెలిచిరి. రెండవది టైబ్రేకున వీరికి దక్కినది. మూడవదానిలో వీరు 2-5తో వెనుకబడిరి. ఇక ముగిసినదని అందరును తలచుచుండగా, వీరు ఆటలను లాగి 5-5 చేసిరి. చీకటి పడుటచే ఆట నాపి పైకప్పు మూసి దీపములు వెలిగించిరి. మరల ఆరంభమైన పిమ్మట వీరు 7-5తో గెలిచిరి. వింబుల్డను స్త్రీల జంటలో భారతస్త్రీ విజయము అదియే మొదలు. ఆ యేడు అమెరికాలోను, 2016 ఆరంభమున ఆస్ట్రేలియాలోను వీరే గెలిచిరి. వరుసగా 41 పోటీలలో ఓటమి నెరుగరు. మహా బిరుదములు మొత్తము ఆమెకు ఆరు.

2018లో బిడ్డను కని, 2020 జనవరిలో మరల వచ్చి హోబర్టున గెలిచినది. 2023 జనవరిలో మెల్బోర్నున, పదునాలుగవయేట తనకు మొదటి మిశ్రమ జోడుగా నుండిన బోపన్నతోనే తుదిపోటీ ఆడి ఓడినది. ఆ దినమున కన్నీటితో, తన బిడ్డ యెదుట ఇట్టి తుదిపోటీ ఆడగలనని ఎన్నడును తలచలేదని చెప్పినది. ఫిబ్రవరిలో దుబాయిలో తుది పోటీ ముగించి, మార్చి 5వ తేదీన హైదరాబాదు లాల్ బహదూరు మైదానమున, తన ఊరివారి యెదుట వీడ్కోలు ఆట ఆడినది.