ఫోనులో వంటపాత్రలు కొనేటప్పుడు

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు మా చిన్న మనవి.

బుడితి కంచు గిన్నె కొనేటప్పుడు మన అమ్మలు వేలితో మీటి, మోత విని, తూకం చూసి మరీ కొనేవారు. ఫోనులో బొమ్మను అలా మోగించి చూడలేము గదా!

ప్రెషర్ కుక్కరుకు ఐ.ఎస్.ఐ. గుర్తు 2021 ఫిబ్రవరి నుంచి తప్పనిసరి. అయినా ఆ గుర్తు లేనివి అమ్మనిచ్చినందుకు 2022లో పెద్ద పెద్ద ఆన్‌లైన్ సంస్థలకే లక్షేసి రూపాయల జరిమానా పడింది. అది పేలితే దెబ్బ తగిలేది పొయ్యి దగ్గర నిలబడ్డ మన ఇంటి మనిషికే.

అందుచేత సరుకు రాగానే, గుర్తుతో పాటున్న లైసెన్సు నంబరును బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో సరిచూడండి. తేడా ఉంటే వాడకుండా వాపసు పంపండి, 1915కు ఫిర్యాదు చేయండి. సగం ధర అన్న లింకు నొక్కి డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకండి. వెంటనే 1930కి ఫోను చేయండి. మేము తోడుంటాము. సెలవు.