పందులకు బూజు మేత పెట్టరాదు



"పందికేమండీ, ఏది వేసినా అరిగించుకుంటుంది" అనే మాట మన నాయుడుపేట పక్క తరచు వింటూ వుంటాము. ఈ నమ్మకము వల్లనే తడిసిన తవుడు, బూజుపట్టిన వేరుశనగ చెక్క పందుల తొట్టిలోకి చేరుతున్నవి. కాని పంది పేగు మనమనుకున్నంత గట్టిది కాదు.

బూజు వేరు, బూజు విడిచే విషము వేరు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినవి. కారణము వెతకగా, మేతలో కలిపిన వేరుశనగ చెక్కలో బూజు విషము బయటపడింది. దానినే అఫ్లటాక్సిన్ అంటారు. మొక్కజొన్నకు పట్టే బూజులలో మరికొన్ని విషాలున్నవి.

పేగు లోపలి గోడకు మఖమలు గుడ్డకున్నట్లు సన్నని నూగు వుంటుంది. మేతలోని సారాన్ని పీల్చేది అదే. ఈ విషాలు తగిలితే నూగు పొట్టిదవుతుంది. గోడ వదులై, పేగులోని క్రిములు రక్తములోకి దారి చేసుకుంటవి. తిన్నది వంటబట్టదు. పిల్లలకు పారుడు పడుతుంది, మేత వదలివేస్తవి. అఫ్లటాక్సిన్ కాలేయాన్నీ చెరుస్తుంది.

ఒక వానాకాలములో ఒక రైతు చెక్క బస్తాలు తడిసినవి. నన్నడిగితే, "బూజు దులిపి, ఎండబెట్టి, ఉడికించి పెట్టండి" అన్నాను. పాలు మరచిన పిల్లలు విరేచనాలతో చిక్కిపోయినవి. నట్టల మందు తాపించాము, గుణము లేదు. మూడు చనిపోయినవి. పశువైద్యులు వచ్చి మేత మార్పించిన తరువాతనే తక్కినవి కోలుకున్నవి. ఆ సలహా నాదే, తప్పూ నాదే. ఎండ బూజును ఆపుతుంది గాని, అప్పటికే పుట్టిన విషాన్ని తీయదు. ఉడకబెట్టినా అది పోదు.

కనుక ఏమి చేయాలి? మొక్కజొన్నను తేమ 13 శాతానికి మించకుండా ఎండబెట్టండి. బస్తాలను నేలమీద కాక కర్రబల్లలపై, గోడకు జానెడు ఎడంగా పేర్చండి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు మనకు ముసురు కాలము. అప్పుడు చెక్క, తవుడు రెండు వారాలకు సరిపడా మాత్రమే కొనండి. తొట్టిలో మిగిలిన తడి మేతను ఏ రోజుకారోజు కడిగి పారవేయండి.

ముక్కిన వాసన వచ్చిన చెక్కను పాడిగేదెకు కూడా వేయవద్దు; ఆ విషము పాలలోకి దిగుతుంది. గుంట తీసి పూడ్చండి. బస్తా నష్టమే గాని, ఒక ఈత పిల్లల కంటే ఎక్కువ కాదు గదా!