వచ్చిన రీడింగే రాయండి



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ మాస్టారి దగ్గర నేను డిగ్రీలో ఫిజిక్స్ చదువుకున్నాను. ఆయన గురించి ఒక్క సంగతి చెప్పి విషయంలోకి వెళ్తాను. నిజానికి ఆ సంగతే ఈ రోజు నా విషయం.

మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో సాధారణ లోలకం. గుండుకు దారం కట్టి ఊపి, 20 డోలనాలకు ఎంతసేపు పట్టిందో స్టాప్‌వాచ్‌లో చూసి, గురుత్వ త్వరణం లెక్కగట్టాలి. 980 రావాలని మాకందరికీ ముందే తెలుసు. తెలుసు కనుకనే 979 వచ్చేలా రీడింగులు సర్దుకుని రికార్డు పట్టుకెళ్లాను. మాస్టారు అంకెల వరస ఒకసారి చూసి, "ఇంత శుభ్రంగా ఏ లోలకమూ ఊగదురా. వచ్చింది రాయి, రావలసింది కాదు" అని పేజీ అడ్డంగా కొట్టేశారు. మళ్లీ చేస్తే 961 వచ్చింది. భయపడుతూ చూపించాను. ఆయన మార్కులు పూర్తిగా వేసి, ఆ 19 ఎక్కడికి పోయిందో వెతకమన్నారు. రెండు రోజులకు దొరికింది. దారం పొడవు కొలిచాను గానీ, దానికి గుండు వ్యాసార్థం కలపడం మరిచిపోయాను. మీటరు పొడవులో రెండు సెంటీమీటర్లు. అంతే తేడా.

న్యూట్రాన్ నక్షత్రాల గురించి, కృష్ణబిలాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు ఆ రెండు సెంటీమీటర్లే గుర్తొచ్చాయి. ఈ వింతల గురించి మీరు పత్రికల్లో చాలా చదివి ఉంటారు. వాటిని మనుషులు ఎలా కొలిచారు, కొలతలో తప్పు దొర్లితే ఏం చేశారు, అది చెప్పాలని ఉంది.

1967లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి దగ్గర నాలుగున్నర ఎకరాల పొలంలో ఒక రేడియో దూరదర్శిని కట్టారు. చూడటానికి ద్రాక్షతోటకు వేసిన పందిరిలా ఉండేది. వెయ్యికి పైగా గుంజలు, వాటి మధ్య తీగలు. ఆ గుంజలు పాతిన వాళ్లలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని ఉంది. ఉత్తర ఐర్లండ్ అమ్మాయి, 24 ఏళ్లు. దూరదర్శిని పనిచేయడం మొదలుపెట్టాక రోజుకు దాదాపు వంద అడుగుల కాగితం మీద పెన్ను గీతలు గీస్తూ పోయేది. వాటిని చదవడం ఆమె పని. కంప్యూటరు లేదు, కళ్లతో చదవాలి. ఆకాశం మొత్తం ఒక చుట్టు తిరిగేసరికి 400 అడుగుల కాగితం అయ్యేది. అందులో ఒక అంగుళం కూడా లేని చోట ఒక గజిబిజి గీత కనిపించింది. అది నక్షత్రాల మినుకు కాదు, పక్క ఊరి మోటారు తెచ్చిన గోల కూడా కాదు. ఏమిటో తెలియక ఆమె దాన్ని గుర్తుపెట్టుకుంది. ఆకాశంలో అదే చోటి నుంచి మళ్లీ వచ్చినప్పుడు ఇంతకు ముందు చూశానే అనుకుంది.

నాలుగు వందల అడుగుల్లో ఒక అంగుళం. పక్కన పెట్టేస్తే అడిగేవాళ్లు లేరు. ఆమె పక్కన పెట్టలేదు.

నవంబరు 28న కాగితాన్ని వేగంగా నడిపి చూస్తే ఆ గజిబిజి విడివిడి గీతలుగా విచ్చుకుంది. ప్రతి 1.337 సెకన్లకు ఒక గీత, గడియారం కొట్టినట్టు. ఆమె గురువు ఆంటొనీ హ్యూయిష్ ముందు ఇది మనుషులు చేసిన సంకేతమే అనుకున్నారు. అయితే ఆ సంకేతం రోజూ నాలుగు నిమిషాలు ముందుగా వచ్చేది. పంచాంగం తెలిసినవాళ్లకు ఇందులోని కిటుకు వెంటనే అందుతుంది. నక్షత్రం ఈ రోజు ఉదయించిన వేళకు రేపు నాలుగు నిమిషాలు ముందే ఉదయిస్తుంది. ఫ్యాక్టరీలూ రాడార్లూ సూర్యుడి టైము పాటిస్తాయి గానీ నక్షత్రాల టైము పాటించవు. కాబట్టి వచ్చేది ఆకాశం నుంచే. డిసెంబరులో ఇంకో దిక్కున మరో సంకేతాన్ని ఆమే పట్టుకుంది. 1968 ఫిబ్రవరిలో వ్యాసం అచ్చయింది. వాటికి పల్సార్లని పేరు వచ్చింది.

1974 నోబెల్ బహుమతి హ్యూయిష్‌కూ మార్టిన్ రైల్‌కూ ఇచ్చారు, ఆమెకు ఇవ్వలేదు. అది తప్పని నా అభిప్రాయం. 2018లో తనకు వచ్చిన 30 లక్షల డాలర్ల బహుమతిని ఆమె, చదువుకునే వసతి అంతగా దక్కని వర్గాల పిల్లలు ఫిజిక్స్‌లో పరిశోధన చేయడానికి ఇచ్చేశారు.

సెకనుకో సారి కొట్టుకునే వస్తువు ఏమై ఉంటుంది? జవాబు 1968లోనే వృషభ రాశిలో దొరికింది. చలికాలం రాత్రి రోహిణి నెత్తి మీద ఉన్నప్పుడు దానికి కాస్త అవతల క్రాబ్ నెబ్యులా ఉంటుంది. మామూలు కంటికి ఆనదు. 1054లో అక్కడ ఒక నక్షత్రం పేలి 23 రోజులు పట్టపగలే కనిపించిందని చైనా ఆస్థాన జ్యోతిష్కులు రాసి ఉంచారు. ఎందుకో వాళ్లకు తెలియదు, కనిపించింది రాశారు. ఆ పేలుడు శిథిలాల నడుమ సెకనుకు 30 సార్లు కొట్టుకునే పల్సార్ ఉంది. అంత వేగంగా తిరిగితే ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన శ్వేత కుబ్జ నక్షత్రం కూడా ముక్కలైపోతుంది. తట్టుకోగలిగింది ఒక్కటే: 1934లో వాల్టర్ బాడె, ఫ్రిట్జ్ జ్వికీ ఊహించిన న్యూట్రాన్ నక్షత్రం. సూర్యుడి కంటే ఎక్కువ పదార్థం హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు లోపల పట్టేసేంత గుండులోకి కుదించుకుపోయింది. అందులో చెంచాడు పదార్థం వంద కోట్ల టన్నులకు పైనే తూగుతుంది.

ఇక తప్పుల సంగతి. విజ్ఞాన చరిత్రలో నేను అన్నిటికంటే గౌరవించే ఘట్టం ఇందులో ఉంది.

1991 జులైలో మాంచెస్టర్ దగ్గరి జోడ్రెల్ బ్యాంక్ రేడియో కేంద్రంలో ఆండ్రూ లైన్, ఆయన సహచరులు ఒక పల్సార్ చుట్టూ గ్రహం తిరుగుతోందని ప్రకటించారు. పల్సార్ గడియారం లాంటిది. చుట్టూ గ్రహం తిరుగుతుంటే ఆ గడియారం కాస్త ముందుకూ వెనక్కూ ఊగుతుంది, దాని టిక్కులు ఒకసారి ముందుగా, ఒకసారి ఆలస్యంగా అందుతాయి. ఆ ఊగుడు వాళ్లకు దొరికింది. ఆవర్తన కాలం ఆరు నెలలు. సూర్యుడు కాని మరో నక్షత్రానికి గ్రహం! ప్రపంచమంతా వార్త అయింది. 1992 జనవరిలో అమెరికాలోని అట్లాంటా నగరంలో ఖగోళ శాస్త్రజ్ఞుల మహాసభలో మాట్లాడమని లైన్‌ను పిలిచారు.

సభకు కొద్ది రోజుల ముందు లైన్ లెక్కలు మళ్లీ చూసుకున్నారు. టిక్కులను కొలిచేది కదిలే భూమి మీద నుంచి కాబట్టి, భూమి కదలికను లెక్కలోంచి తీసెయ్యాలి. ఆ పల్సార్ ఆకాశంలో ఉన్న చోటు వాళ్ల పట్టికలో కొద్దిగా తప్పు పడింది. దానికి తోడు భూమి కక్ష్యను దీర్ఘవృత్తంగా కాక వృత్తంగా తీసుకుని తొలి లెక్క చేశారు. ఈ రెండూ కలిసి ఆరు నెలల ఊగుడును పుట్టించాయి. సరిదిద్దగానే గ్రహం మాయమైంది. ఊగింది పల్సార్ కాదు, మన భూమే.

నా గుండు వ్యాసార్థం లాంటి తప్పే అది. కాకపోతే నా తప్పు ఒక్క మాస్టారికే తెలిసింది. లైన్ అట్లాంటా వెళ్లి, నిండు సభలో వేదిక ఎక్కి, గ్రహం లేదు, పొరపాటు మాదే అని చెప్పారు. సభ మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ వెంటనే మాట్లాడిన అలెగ్జాండర్ వోల్షాన్, డేల్ ఫ్రెయిల్‌తో కలిసి మరో పల్సార్ చుట్టూ రెండు గ్రహాలు కనిపెట్టానని చెప్పారు. ఒకటి 66 రోజులకు, ఒకటి 98 రోజులకు తిరుగుతాయి. భూమి కదలికతో పొత్తు కుదరని అంకెలవి. నేటికీ నిలిచాయి.

మన ఖగోళ శాస్త్రజ్ఞుడు చంద్రశేఖర్ కథలో దీనికి విరుద్ధమైన సంగతి ఉంది. 1930లో మద్రాసులో డిగ్రీ ముగించి, 19 ఏళ్ల వయసులో ఇంగ్లండ్ వెళ్తూ ఓడలో ఆయన లెక్క మొదలుపెట్టారు. శ్వేత కుబ్జ నక్షత్రం సూర్యుడికి సుమారు 1.4 రెట్లకు మించి బరువుండలేదని తేలింది. మించితే కుంగిపోతూనే ఉండాలి. 1935 జనవరి 11న లండన్ సభలో, అప్పటికే పేరుమోసిన ఖగోళ శాస్త్రజ్ఞుడు ఎడింగ్టన్ దాన్ని కొట్టిపారేశారు. లెక్కలో తప్పు చూపలేకపోయారు. నక్షత్రం అలా ప్రవర్తించకూడదు అన్నదే ఆయన వాదన. రావలసిందేమిటో ఆయనకు ముందే తెలుసు. చంద్రశేఖర్‌కు నోబెల్ 1983లో వచ్చింది.

ఆ కుంగిపోయేదాని చివరి గతే కృష్ణబిలం. వెలుగు బయటికి రాని దాన్ని చూడటం ఎలా? దాని పక్కనున్నదాన్ని చూసి. చెట్టు కొమ్మ ఊగితే గాలి ఉందంటాం కదా.

ఎక్స్ కిరణాలు గాలి పొరను దాటి కిందికి రావు. అందుకే 1970 డిసెంబరు 12న కెన్యా తీరం నుంచి ఒక చిన్న ఉపగ్రహం పంపారు. ఆ దేశ స్వాతంత్ర్య దినోత్సవం అది. ఉపగ్రహానికి ఉహురు అని పేరు పెట్టారు, స్వాహిలీ భాషలో స్వేచ్ఛ అని. హంస రాశిలోని సిగ్నస్ ఎక్స్-1 నుంచి వచ్చే ఎక్స్ కిరణాలు సెకనులో కొద్ది వంతులోనే పెరిగి తగ్గుతున్నాయని అది చూపింది. అంత త్వరగా మారాలంటే వస్తువు చాలా చిన్నదై ఉండాలి. అక్కడే ఉన్న ఒక నీలి నక్షత్రం 5.6 రోజులకో సారి కనపడని తోడు చుట్టూ తిరుగుతోందని లూయీస్ వెబ్‌స్టర్, పాల్ మర్డిన్ ఇంగ్లండ్‌లోనూ, టామ్ బోల్టన్ కెనడాలోనూ విడివిడిగా కొలిచారు. 2021లో మళ్లీ కొలిస్తే ఆ తోడు బరువు 21 సూర్యులంత అని తేలింది.

ఇదే సిగ్నస్ ఎక్స్-1ను హైదరాబాద్ నుంచి ఎగరేసిన బెలూన్లతోనూ మనవాళ్లు చూశారని మనలో చాలామందికి తెలియదు. టాటా మౌలిక పరిశోధనా సంస్థ బెలూన్ కేంద్రం అక్కడే ఉంది. పరికరాలు పొలాల్లో దిగితే ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి అని పత్రికల్లో ప్రకటనలు చూసే ఉంటారు.

2019 ఏప్రిల్ 10న విడుదలైన చిత్రం మీరంతా చూశారు, నారింజ రంగు వలయం, మధ్యలో చీకటి. కన్యారాశి వైపు ఐదున్నర కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని ఎం87 గెలాక్సీ నడిబొడ్డున ఉన్న కృష్ణబిలం నీడ అది. బరువు 650 కోట్ల సూర్యులంత. 1918లోనే హెబర్ కర్టిస్ ఆ గెలాక్సీ నుంచి ఒక వింతైన తిన్నని గీత పొడుచుకొచ్చిందని రాసి పెట్టారు. కారణం ఆయనకూ తెలియదు. మనకు ఆ వలయం ఎంత కనిపిస్తుందంటే, చంద్రుడి మీద పెట్టిన గారె ఇక్కడి నుంచి కనిపించినంత. దాన్ని పట్టాలంటే భూమి అంత దూరదర్శిని కావాలి. అందుకే దక్షిణ ధ్రువం, చిలీ, హవాయి, స్పెయిన్ వంటి ఆరు చోట్ల ఎనిమిది దూరదర్శినులు 2017 ఏప్రిల్‌లో ఒకే దూరదర్శినిలా కలిసి పనిచేశాయి. సమాచారం ఇంటర్నెట్‌లో పంపలేనంత. డిస్కులు విమానాల్లో తెచ్చారు. దక్షిణ ధ్రువంలో చలికాలం, విమానాలు దిగవు, డిసెంబరు దాకా ఆగారు. తరువాత వాళ్లు చేసిన పని నాకు చిత్రం కంటే ఎక్కువ నచ్చింది. నాలుగు బృందాలుగా విడిపోయి, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, చిత్రం విడివిడిగా కట్టారు. అందరూ వలయమే రావాలని కోరుకుంటారు, ఆ కోరికే వలయాన్ని గీసేస్తుందేమోనని వాళ్ల భయం. నాలుగు చిత్రాలు పక్కపక్కన పెడితే నాలుగింటిలోనూ వలయం ఉంది.

గురుత్వ తరంగాలదీ ఇదే తీరు. 2015 సెప్టెంబరు 14న, మన టైము మధ్యాహ్నం మూడు గంటల ఇరవై నిమిషాలకు, అమెరికాలో ఈ తరంగాలను పట్టడానికి కట్టిన రెండు లైగో కేంద్రాలు సెకనులో ఐదో వంతు వణికాయి. 130 కోట్ల కాంతి సంవత్సరాల అవతల 36, 29 సూర్యుల బరువున్న రెండు కృష్ణబిలాలు కలిసిపోయి 62 అయ్యాయి. మిగిలిన మూడు సూర్యుల బరువు తరంగాలుగా వెళ్లిపోయింది. ఆ కేంద్రాల్లోని నాలుగు కిలోమీటర్ల గొట్టం పొడవులో వచ్చిన మార్పు ప్రోటాన్ వెడల్పులో వెయ్యో వంతు పాటిది. చూసినవాళ్లకు మొదట కలిగిన అనుమానం, ఇది తమవాళ్లే పరీక్ష కోసం పెట్టిన దొంగ సంకేతమా అని. కాదని నిర్ధారించుకుని, ఐదు నెలలు సరిచూసుకుని 2016 ఫిబ్రవరి 11న చెప్పారు. కలిసిన కృష్ణబిలం గంటలా మోగి ఆగిపోతుందని 1970లోనే లెక్కగట్టింది మన భౌతిక శాస్త్రజ్ఞుడు సి.వి. విశ్వేశ్వర. ఆ వార్త విన్నాక దాదాపు ఏడాదికి, 2017 జనవరిలో ఆయన కన్నుమూశారు.

ఆ తరంగాలు అందిన రెండు వారాలకు, సెప్టెంబరు 28న, మన శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ ఉపగ్రహం బయల్దేరింది. కృష్ణబిలాల నుంచీ న్యూట్రాన్ నక్షత్రాల నుంచీ వచ్చే ఎక్స్ కిరణాలను అది కొలిచింది. ఆ రీడింగులు ఇస్రో ఆర్కైవ్‌లో ఉన్నాయి. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. తెలుగు నేల మీది డిగ్రీ కాలేజీల్లో అది తెలిసినవాళ్లు ఎందరు?

అందుకే ఈ కాలేజీ ఫిజిక్స్ విభాగానికి ఒక విన్నపం. ఒక కంప్యూటరు, ఇంటర్నెట్, ఓపిక ఉన్న ముగ్గురు పిల్లలు చాలు. ఆస్ట్రోశాట్ క్రాబ్ పల్సార్‌ను చూసిన రీడింగులు దింపుకుని, అది ఎంత సేపటికి ఒకసారి కొట్టుకుంటోందో వాళ్ల చేత కొలిపించండి. భూమి కదలికను తీసెయ్యడం మరిచిపోవద్దని మాత్రం చెప్పండి. 33 మిల్లీసెకన్లకు కాస్త పైన వస్తుంది. ఆ పైన ఎంతన్నది పుస్తకంలో చూసి రాయడానికి వీల్లేదు. ఆ పల్సార్ ఏటా సుమారు 13 మైక్రోసెకన్లు నెమ్మదిస్తుంది, ఏ రోజు రీడింగు ఆ రోజుదే. వచ్చే ఏడు ఇదే సభలో మాస్టారి ఫొటో ముందు ఆ రికార్డు పెట్టండి.